గంట కొట్టేదాకా

పెళ్లయి పిల్లలున్నవాళ్లు, తలకు రంగేసుకునేవాళ్లు, మోకాళ్ల నొప్పులకు మాత్రలు మింగేవాళ్లు, అందరూ చిన్నపిల్లల బెంచీల మీద ఒదిగి కూర్చునే గది ఒకటుండేది ఆ భవనంలో. బడి టీచర్లకి సెలవుల్లో శిక్షణ ఇచ్చే భవనం అది. ఒకరు లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి పాఠం చెప్పేవారు. మిగిలినవాళ్లు పిల్లలైపోయేవారు. ఒకాయన పెన్సిలు పోయిందని ఏడుపుమొహం పెట్టేవాడు. ఒకావిడ పక్కనావిడని గిల్లేది. ఇంట్లో నలుగురికి వండిపెట్టి, అత్తమామలకు మందులిచ్చి వచ్చిన ఇల్లాళ్లు కూడా ఆ కాసేపు జడలు లాక్కుని నవ్వుకునేవారు. అది చూస్తే, దేవుడు మనిషికి బాల్యం ఒక్కసారే ఇచ్చి ఊరుకోలేదేమో అనిపించేది.

ఆ గదిలో వెనక బెంచీలో, గోడవైపు చివర, ఎప్పుడూ ఒకే మనిషి కూర్చునేవారు. బడి ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన. అందరూ ఆయన్ని వెనకబెంచీ మాస్టారనే పిలిచేవారు. రోజుభత్యం మీద పిలిపించి ఆయనకి అక్కడ అప్పజెప్పిన పని ఒక్కటే. అర్థం కాని పిల్లవాడిగా కూర్చోవడం.

నవ్వొస్తుంది కానీ, ఆ పని తేలిక కాదు. మొండిగా ఎదురు చెప్పే పిల్లవాణ్ణి ఎవరైనా నటించగలరు. మాస్టారు నటించేది అలాంటివాణ్ణి కాదు. ఈయన చేసే పిల్లవాడికి నేర్చుకోవాలని ఉంటుంది. టీచరుగారంటే భయభక్తులుంటాయి. ఒక్క మెట్టు దగ్గర మాత్రం కాలు ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో వాడికీ తెలియదు. "అర్థమైందా?" అని అడిగితే, టీచరుగారు బాధపడతారేమోనని "అయిందండీ" అంటాడు. ఆ "అయిందండీ" వెనకాల ఏమీ కాలేదని పసిగట్టడమే అక్కడ అసలు చదువు. పసిగట్టని టీచర్ల మీద మాస్టారు జాలి చూపేవారు కాదు. మళ్లీ అడిగేవారు, మరోలా అడిగేవారు, వాళ్ల నుదుటి మీద చెమట పట్టేదాకా అడిగేవారు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పాఠం మొదలైతే ఎవరూ పిల్లవాడి వేషం వదలకూడదు. ఇల్లు కూలినా సరే, గంట కొట్టేదాకా అంతే. గంటంటే వరండాలో వేలాడే ఇనుపముక్క. వంటమనిషి గరిటె పక్కనపెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి కొట్టేది. గంట వినపడగానే మాస్టారు లేచి నిలబడి, జేబురుమాలుతో ముఖం తుడుచుకునేవారు. ఆ తుడుపుతో పిల్లవాడు పోయి పెద్దాయన వచ్చేవారు. అప్పుడు సొంత గొంతుతో మొదలుపెట్టేవారు. "ఇప్పుడు చెప్తాను, పిల్లవాడు ఎక్కడ ఆగాడో."

ఆ మాట కోసమే టీచర్లు బస్సులు మారి, చంటిపిల్లల్ని తల్లుల దగ్గర వదిలి వచ్చేవారు. దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం వంటమనిషి ఒక బిందె వేణ్నీళ్లు మూతపెట్టి ఉంచేది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చేస్తున్నావని ఎవరూ అడగలేదు కూడా.

ఈ విద్య మాస్టారికి ఎక్కడ అబ్బిందంటే, వాళ్లక్క దగ్గర.

అక్క చిన్నప్పుడు భాగహారం దగ్గర ఆగిపోయింది. "ఈ పిల్లకి బుర్రకెక్కదు, ఇంటిపని నేర్పించుకోండి" అని బడిలో పంతులుగారు చెప్పేశారు. తండ్రి సరేనని మాన్పించేశాడు. తమ్ముడు మాత్రం రోజూ బడి నుంచి రాగానే ఆ పూట పాఠం అక్కకి చెప్పేవాడు. పొయ్యి ఊదుతూ అక్క వినేది. ఎక్కడో ఒకచోట ముఖం అలా నిలిచిపోయేది. "అర్థమైందిలేరా, వెళ్లి ఆడుకో" అనేది. కాలేదని ఆ తమ్ముడికి తెలిసిపోయేది. తర్వాత్తర్వాత ఆ తమ్ముడు పెద్దై, మాస్టారై, ఎంతమందికో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. అక్క ముఖం ఎక్కడ నిలిచిపోతుందో అక్కడే ఇంకా నిలిచిపోతూనే ఉంది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. మాస్టారి భార్య కాలం చేసింది. అక్కకి భర్త లేడు. దర్జీ దుకాణాలవాళ్లు ఇచ్చే చొక్కాలకి అక్క ఇంట్లోనే గుండీలు కుట్టేది. సాయంత్రం మాస్టారు ఇంటికి రాగానే, సూది నోట్లో పెట్టుకునే పలకరించేది.

"ఏరా, ఇవాళ ఎవర్ని ఏడిపించావు?"

"ఎవర్నీ లేదే. నీ ప్రశ్నే అడిగాను."

"నా ప్రశ్నలన్నీ పట్టుకుపోయి అక్కడ అమ్ముకుంటున్నావు. నాకేమన్నా వాటా ఉందా, లేదా?"

"సూది తీసి మాట్లాడవే తల్లీ, మింగేస్తావు."

అక్క ప్రశ్నల్లో పెద్దది ఒకటుంది. నాలుగు వందల ఎనిమిదిని నాలుగుతో భాగించాలి. నాలుగులో నాలుగు ఒకసారి పోతుంది. ఎనిమిదిలో రెండుసార్లు పోతుంది. మధ్యలో సున్నాలో నాలుగు పోదు. పోదు కాబట్టి అక్క అక్కడ ఏమీ రాయలేదు. జవాబు పన్నెండు వేసింది. పంతులుగారు నూట రెండు అన్నారు. అక్క అడిగిన మాట ఒక్కటే. "భోజనానికి రానివాడికి కంచం ఎందుకండీ పెట్టడం?" దానికి ఆ రోజు బడిలో దెబ్బ పడింది.

మాస్టారు ఎన్ని రకాలుగా చెప్పినా ఆ కంచం ఎందుకో అక్కకి అర్థం కాలేదు. "అయిందిలేరా" అని మాత్రం ఎప్పుడూ అనేది.

*

ఒక ఎండాకాలం శిక్షణ భవనానికి పెద్ద ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. టీచర్ల శిక్షణకి అవుతున్న ఖర్చు దేనికి అవుతోందో చూసి, ఉంచాలో తియ్యాలో రాసిపోతాడట. భవనం బాధ్యత చూసే పెద్ద మేడమ్ ఆ కబురు విన్న దగ్గర్నుంచి కుదురుగా కూర్చోలేకపోయింది. కిటికీలకి రంగు వేయించింది. కుంటి బెంచీ కాలికింద పెట్టిన అట్టముక్క తీయించి చెక్కముక్క పెట్టించింది.

"మాస్టారూ, ఆయన వచ్చినప్పుడు ముందు నా గదిలో కూర్చోబెట్టి మన పద్ధతంతా విడమరిచి చెప్తాను. ఆ తర్వాతే క్లాసుకి తీసుకొస్తాను."

"మంచిదమ్మా. దేవుడి దయ వల్ల అంతా బాగానే జరుగుతుంది."

"మీరు మాత్రం ఆ రోజు ఇంకాస్త బాగా చెయ్యాలి."

"బాగా అంటే, ఇంకాస్త మొద్దుగానా?" అన్నారు మాస్టారు. మేడమ్ చాలా రోజుల తర్వాత నవ్వింది.

అధికారి చెప్పిన రోజున రాలేదు. అంతకు ముందురోజే వచ్చాడు. తనకోసం సింగారించిన తరగతి కాకుండా మామూలు తరగతి చూడాలని ఆయన ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. మేడమ్ ఆ పూట బెంచీల మరమ్మతు కోసం వడ్రంగి దగ్గరికి వెళ్లింది. అధికారి వరండాలో వంటమనిషి కనిపిస్తే మంచినీళ్లడిగి తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, చప్పుడు కాకుండా తలుపు తోసుకుని వచ్చి గదిలో తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికి పాఠం మొదలైపోయింది. నల్లబల్ల దగ్గర నిలబడింది ఒక చిన్న టీచరమ్మ. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. గొంతు ఇంకా కుదురుకోలేదు. బల్ల మీద నాలుగు వందల ఎనిమిది రాసి ఉంది.

మాస్టారు ఓరకంట చూశారు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో సంచీ, చేతిలో కలం. ఆ మనిషెవరో ఆయనకి అర్థమైపోయింది. మేడమ్ దగ్గర లేదనీ, ఈయనకి ఎవరూ ఏమీ చెప్పలేదనీ తట్టింది కూడా. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ కట్టుబాటు కట్టుబాటే. పైగా, పద్ధతి గురించి నోటితో చెప్పడం కన్నా చూపించడమే మేలనిపించింది. గంట కొట్టాక ఎలాగూ తెలుస్తుంది కదా. మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుని, తన బతుకులో ఎప్పుడూ చెయ్యనంత బాగా ఆ పిల్లవాడు అయిపోయారు.

"పన్నెండండీ," అన్నారు చెయ్యెత్తి.

"కాదు నాన్నా, మధ్యలో సున్నా ఉంది కదా? నాలుగు పోదు కాబట్టి సున్నా వెయ్యాలి."

"పోకపోతే ఎందుకండీ వెయ్యడం?"

"వెయ్యాలి. అది పద్ధతి."

"అయిందండీ," అన్నారు మాస్టారు. టీచరమ్మ హమ్మయ్య అనుకుంది. వెంటనే ఆయన పలక మీద మళ్లీ పన్నెండు రాసి చూపించారు. పిల్లలైన టీచర్లు కిసుక్కున నవ్వారు.

టీచరమ్మ బుగ్గలు కందిపోయాయి. మళ్లీ చెప్పింది. మళ్లీ ఆయన కళ్లు అదేచోట నిలిచిపోయాయి. "భోజనానికి రానివాడికి కంచం ఎందుకండీ?" అన్నారు, అక్క గొంతుతో, అక్క భయంతో. పెదవి కొద్దిగా వణికింది. ఆ వణుకు నటన కాదేమో.

తలుపు దగ్గర అధికారి ఆ తెల్లజుట్టు మనిషి వంక చాలాసేపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. బాధ ఉంది. కలం తీసి ఏదో రాసుకున్నాడు. గడియారం చూసుకుని, లేచి, పాఠానికి అడ్డం రాకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

టీచరమ్మకి అప్పుడే ఏదో తట్టినట్టుంది. "ఉండు నాన్నా, కంచాలు తెచ్చుకుందాం..." అంటుండగానే వంటమనిషి గంట కొట్టింది.

మాస్టారు లేచి ముఖం తుడుచుకుని తలుపు వైపు తిరిగారు. కుర్చీ ఖాళీగా ఉంది. జేబురుమాలు చేతిలో పట్టుకుని వరండాలోకి పరిగెత్తారు. ఆ వయసులో పరిగెత్తడమంటే ఏముంది, నాలుగడుగులు. గేటు దాటి కారు వెళ్లిపోయింది.

*

రిపోర్టు వచ్చాక మేడమ్ దాన్ని మాస్టారికి చదివి వినిపించలేకపోయింది. ఆయనే తీసుకుని చదువుకున్నారు. తల నెరిసిన ఉపాధ్యాయుడికే చిన్న తరగతి భాగహారం రావడం లేదని, ఇన్నేళ్లుగా ప్రజల డబ్బు పోసి ఇచ్చిన శిక్షణకి ఇదే ఫలితమైతే ఆ ఖర్చు ఇంకెందుకని అందులో ఉంది. ఒక్క అబద్ధం లేదు. ఆయన చూసిందే రాశాడు.

మేడమ్ మాస్టారిని వెంటపెట్టుకుని పెద్ద ఆఫీసుకి వెళ్లింది. అధికారి లేచి నిలబడి ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. మేడమ్ చెప్పినదంతా చివరిదాకా విన్నాడు. విన్నాక రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు.

"అయ్యో, అలాగా," అన్నాడు చివరికి. "క్షమించండి మాస్టారూ. మీ గురించి నేను పొరబడ్డాను."

"పోనివ్వండి బాబూ. ఆ ముక్క దిద్దేస్తే చాలు."

"దిద్దుతాను. కానీ దిద్ది ఏమని రాయమంటారు? అర్థం కానట్టు కూర్చోడానికి రిటైరైన ఒకాయనకి రోజుభత్యం ఇస్తున్నారని రాయనా? పైవాళ్లు ఇప్పుడు కోప్పడతారు. అలా దిద్దితే నవ్వుతారు. నవ్విందాన్ని ఎవరూ నిలబెట్టరండీ."

మేడమ్ చేతిలో రిపోర్టు మడిచిపెట్టుకుంది.

"పైగా," అన్నాడాయన గొంతు తగ్గించి, "కురుస్తున్న బడి కప్పుల జాబితా ఇంకో ఫైల్లో ఉంది. పిల్లలు గొడుగులేసుకుని కూర్చుంటున్నారు. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. కప్పు కనబడుతుంది మాస్టారూ. మీరు చేసేది కనబడదు. నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆయన పనిచేసిన బడిలోనూ వానాకాలం బెంచీలు ఈ మూల నుంచి ఆ మూలకి మోసినవాడే. తడిసిన పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవాడే. "కప్పులు వేయించండి బాబూ," అని లేచారు. ఆయన్ని అధికారి మెట్ల దాకా వచ్చి చెయ్యి పట్టుకుని దింపాడు.

శిక్షణ ఆగిపోయింది. ఇక నుంచి టీచర్లు ఎవరింట్లో వాళ్లు సెల్‌ఫోన్లో వీడియో చూస్తే చాలన్నారు. వీడియోలో పాఠం చక్కగా ఉంటుందట. మధ్యలో అడ్డం పడి అడిగేవాడు ఉండడు. భవనంలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెట్టి తాళం వేశారు. వంటమనిషి ఒక ఆస్పత్రి క్యాంటీన్‌లో చేరింది. వెళ్లేముందు ఆ ఇనుపముక్కని గుడ్డతో తుడిచి వెళ్లిందని మేడమ్ చెప్పింది.

ఇంత అయ్యాక మాట వీధిలోకి పాకకుండా ఉంటుందా? ఎవరి ద్వారానో పాకింది. సగం మాటే పాకింది. మాస్టారికి భాగహారం రాదన్న మొదటి సగం. గుడ్లు అమ్మే దుకాణాయన చాలా మంచివాడు. మాస్టారు వెళితే ఇదివరకు పొట్లం కట్టి చేతిలో పెట్టేసేవాడు. ఇప్పుడు బల్ల మీద వరసగా పేర్చి, వేలు పెట్టి చూపించేవాడు.

"ఇవి ఆరు మాస్టారూ. ఇవి ఆరు. మొత్తం డజను. సరేనా?"

ఆ మనిషి కళ్లల్లో అంత ప్రేమ ఉంటే ఏమనగలరు? "సరేనయ్యా," అని తెచ్చుకునేవారు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పెద్దమనిషొకాయన బస్సులో పక్కన కూర్చుని, "మా అబ్బాయి మంచి డాక్టరు, మతిమరుపుకి మందిస్తాడు, ఒకసారి చూపించుకోండి సార్," అన్నాడు, ఎవరికీ వినపడకుండా, చెవిలో. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనమే ఆయన్ని లోపల్లోపల కోసేసింది.

మాస్టారు మాట తగ్గించేశారు. పొద్దున్నే దేవుడి పటం ముందు కూర్చుంటే చాలాసేపటికి గానీ లేచేవారు కాదు. అక్క ఏదైనా అడిగితే "అయిందిలే" అనేవారు. ఆ మాట ఎవరిదో అక్కకి తెలియదా? అప్పుడప్పుడూ కసిరేది.

"ఏం అయింది? కూర ఎలా ఉందంటే అయిందిలే ఏమిట్రా?"

"బావుందే."

"ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. బావుందట."

*

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్న టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో అరటిపళ్లు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా వల్లే మాస్టారూ," అంది. "కంచాల సంగతి నాకు ఒక్క నిమిషం ముందు తట్టి ఉంటే, మీకు అర్థమయ్యేది. ఆ అధికారి చూసి ఉండేవారు. నాకు చెప్పడం చేతకాక..." అని ఏడ్చేసింది.

మాస్టారు ఆ పిల్లని ఓదార్చడానికి నోరు తెరిచారు. ఈలోగా అక్క లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"ఏడుపుకేం గానీ, ఏమిటమ్మా ఆ కంచాల సంగతి? నేను ఎప్పట్నుంచో అడుగుతున్నాను, ఈ పెద్దమనిషి చెప్పలేకపోతున్నాడు."

టీచరమ్మ కళ్లు తుడుచుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మాస్టారు వెళ్లి, గోడవైపు ఉన్న చిన్న పీట మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అంతే, పాఠం మొదలైపోయింది.

అక్క గుండీల డబ్బా బోర్లించింది. వంద వంద గుండీలు దారానికి గుచ్చిన దండలు నాలుగు తీసింది టీచరమ్మ. పది పది గుచ్చిన అట్టలు పక్కన పెట్టేసింది. విడి గుండీలు ఎనిమిది తీసింది. నాలుగు కంచాలు పరిచింది.

"పెద్దమ్మగారూ, మీరే పంచండి."

అక్క కంచానికో దండ వేసింది. "అట్టలేవీ?"

"లేవండి. ఈ పూట అట్టలు రాలేదు."

విడిగా ఉన్నవి కంచానికి రెండు వేసింది అక్క. ఒక కంచం ఎత్తి చూసింది. ఒక దండ, రెండు గుండీలు.

"దీన్ని మీరు ఒకటీ రెండూ అని పక్కపక్కన రాసి దర్జీకి పంపారనుకోండి. ఆయన ఏమనుకుంటాడు?"

"పన్నెండు గుండీలనుకుంటాడు. అంటే..." అక్క ఆగింది. చెయ్యి గాలిలో నిలిచిపోయింది. "అంటే, నా దండ కాస్తా అట్టయిపోయింది. అట్ట రాలేదని దాని చోటు తీసేస్తే, దండ వచ్చి ఆ చోట్లో కూర్చుంది."

"అవునండి."

"రానివాడి కంచం వాడి కోసం కాదన్నమాట." అక్క కంచం మెల్లగా కింద పెట్టింది. "వచ్చినవాడు ఎవడో తెలియడం కోసం."

మాస్టారు అక్క ముఖం చూస్తున్నారు. ఆయనకి ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ ముఖం నిలిచిపోయిన చోటు అది. ఇప్పుడు అక్కణ్ణుంచి కదిలింది. తను చెప్పలేకపోయింది ఈ పిల్ల చెప్పింది. ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది వచ్చేవారో ఆ బల్ల దగ్గరికి. ఇలాంటి అక్కలు ఎన్ని బడుల్లో ఉన్నారో.

"నీకు అర్థమైందా నాన్నా?" అంది టీచరమ్మ, పీట వైపు తిరిగి, భయంభయంగా.

"అయిందండీ," అన్నారాయన. ఈసారి నిజంగానే అన్నారు. కానీ పీట మీద నుంచి లేవలేదు. తల వంచుకుని అలాగే కూర్చున్నారు. బయట వాన చూరు మీద నుంచి కారుతోంది. టీచరమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు.

అక్కకి తెలుసు. తమ్ముడు అధికారి వచ్చిన రోజు నుంచి ఇంకా ఆ బెంచీ మీదే ఉన్నాడని ఆవిడకి మొదటినుంచీ తెలుసు. లేచి, బల్ల మీదున్న స్టీలు గ్లాసు తీసుకుని, కత్తెర పిడితో గట్టిగా కొట్టింది. ఖణేల్మంది.

"గంటయిందిరా తమ్ముడూ. ఇంక లే."

మాస్టారు లేచారు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత గది నిండా బెంచీలున్నట్టు ఒకసారి చుట్టూ చూశారు. ఒక ముసలావిడ, ఒక చిన్న పిల్ల, నాలుగు కంచాలు.

"ఇప్పుడు చెప్తాను," అన్నారు సొంత గొంతుతో, "పిల్లవాడు ఎక్కడ ఆగాడో."

ఆ ఇద్దరికే చెప్పారు.